ఒంటి తుమ్ము

కరోనా తగ్గాక దుబాయ్‌లో ఒక యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు పెట్టింది. ఆటగాళ్ళ జెర్సీలు ఉతికి, బూట్లు తుడిచి, బస్సులో సర్దే పని నాది. బస్సు నడిపేది రాజోలు వైపు ఆయన. నాకంటే పెద్దవాడని అన్నా అనేవాణ్ణి. నాది జగిత్యాల. ఆట గురించి ఇద్దరికీ తెలిసింది సున్నా. బంతి వల్లో పడితే ఈల వేయడం మాత్రం తొందరగానే నేర్చుకున్నాం.

అట్టడుగు లీగ్‌లో మొదలైన జట్టు మొదటి ఏడాదే పై మెట్టెక్కింది. తర్వాత ఇంకొకటి. పెద్ద లీగ్‌కి ఒక్క మెట్టు మిగిలిందనగా యూనివర్సిటీకి కొత్త ముదీర్, అంటే డైరెక్టర్, వచ్చాడు. "ఈసారి పైకి ఎక్కితే జట్టు ఉంటుంది. లేకపోతే ఖలాస్," అని తేల్చేశాడు. జట్టు పోతే మా ఇద్దరి వీసాలూ పోయినట్టే. తుమ్మితే ఊడే ముక్కు అంటారే, మా ఉద్యోగాలు అలాంటివి.

అన్నకు యాభై దాటాయి. ఆ వయసులో వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే కొత్త కఫీల్ ఎవడూ దొరకడు. ఇక నేను కరోనాలో పని పోయి, వట్టి చేతులతో ఒకసారి ఇల్లు చేరినవాణ్ణి. నా భార్య ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. మళ్ళీ ఆ గుమ్మంలో అలా నిలబడటం నా వల్ల కాదు.

చివరి మ్యాచ్ షార్జా అవతల. గెలవాలి, డ్రా అయినా లాభం లేదు. అన్న టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి సీటెక్కాడు. తాళం తిప్పబోతుండగా గోల్‌కీపర్ తుమ్మాడు. ఒక్కటే తుమ్ము.

అన్న చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తిరిగి, ఇంకొక్కసారి తుమ్మమని ఆ పెషావర్ కుర్రాణ్ణి బతిమాలాడు. "బేటా, ఏక్ బార్ ఔర్ ఛీంకో!" బస్సంతా గొల్లుమంది. వాడు పాపం ముక్కు నలుపుకున్నాడు, ఎండకేసి చూశాడు. రెండోది రాలేదు.

కోచ్ "యల్లా, యల్లా!" అని అరుస్తూనే ఉన్నాడు. అన్న దిగి, మొహం కడుక్కుని, నీళ్ళు తాగి నీడలో కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"లేటైతాంది అన్నా, లే ఇగ."

"ఉండవయ్యా. ఇంత పెద్ద పనికెళ్తా ఒంటి తుమ్ముకి బండి తియ్యమంటావేంటి? కాసేపాగితే ఏం పోద్ది?"

నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. లోపల నాకూ అదే భయం.

ఆ కాసేపట్లోనే ముందెక్కడో లారీ అడ్డం తిరిగి రోడ్డు మూసుకుపోయింది. మేం చేరేసరికి రిఫరీ మైదానంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. బస్సులోనే జెర్సీలు తొడుక్కున్న పిల్లలు, ఒళ్ళు వేడెక్కకుండానే ఆటలోకి పరుగెత్తారు. వెంటవెంటనే రెండు గోల్స్ తిన్నారు. తర్వాత పట్టుబట్టి ఆడి రెండూ తిరిగి వేశారు. మూడోది స్తంభానికి తగిలి బయటపడింది. అన్న మొహం చూడలేకపోయాను. ఈల మోగింది. డ్రా.

పిల్లలు ఏడ్చారు. కెప్టెన్ అన్న భుజం మీద చెయ్యి వేసి, "నెక్స్ట్ ఇయర్, అంకుల్," అన్నాడు. వాళ్ళకు చదువుంది, ఇంకో జట్టు దొరుకుతుంది. మాకు ఆ నెక్స్ట్ ఇయరే లేదు. చెమట జెర్సీలన్నీ సంచిలో సర్దాను, రేపు ఉతకాలన్నట్టే.

అన్న తాళం పట్టుకున్నాడో లేదో, అదే గోల్‌కీపర్ తుమ్మాడు. మళ్ళీ ఒక్కటే. ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ అన్న వైపే చూశారు.

అన్న అద్దంలోంచి నన్ను చూశాడు. "ఇంకేం మిగిలిందయ్యా చెడ్డానికి?" అని బండి తీశాడు.