తాటిచెట్టు ఏ గట్టున?

సారంగపాణి బొగ్గుగనిలో పెయింటరు. పెయింటరంటే అపాయం బోర్డులు రాసేవాడన్నమాట. సెలవు దొరికితే చాలు, రంగుల సంచి తగిలించుకుని చర్ల అడవుల దారి పట్టేవాడు. గుట్టలు, వాగులు, పోడు చేలు గీసేవాడు. "ఒక్క మనిషన్న లేడు, గివేం బొమ్మలయ్యా?" అని భార్య అనంతమ్మ ఎక్కిరించేది. ఆమె పోయాక ఎక్కిరించే దిక్కు కూడా లేకుండా పోయింది.

రిటైరయ్యాక ఖమ్మంలో ఒక డ్రాయింగ్ మాస్టరు దగ్గర కొత్త పని నేర్చుకున్నాడు. చెక్క మీద బొమ్మ చెక్కి, ఇంకు పూసి, కాగితం మీద అచ్చు తీయడం. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి. అందుకని ముందు పల్చటి కాగితం మీద గీసి, దాన్ని చెక్క మీద బోర్లించి అంటించి, ఆ గీతల వెంట చెక్కేవాడు.

ఓపెన్‌కాస్టు గని కింద పోయిన తన ఊరు తునికిగూడేన్ని చెక్కేటప్పుడు మాత్రం కాగితమే ముట్టలేదు. సొంత ఊరికి నమూనా ఏమిటి, నా మొహం! కళ్లు మూసుకుంటే కనబడుతుంది. నడుమ వాగు. ఎడమ గట్టున దోస్తు తిరుపతి ఇల్లు. కుడి గట్టున తమ ఇల్లు, పక్కనే తాటిచెట్టు. ఉన్నది ఉన్నట్టు చెక్కేశాడు. అచ్చు తీసి చూస్తే ఇంకేముంది, ఊరంతా తిరగబడింది. తమ ఇల్లూ తాటిచెట్టూ ఎడమ గట్టుకొచ్చాయి.

తనను తాను తిట్టుకున్నాడు. మళ్లీ చెక్కుదామని ఉలి పట్టినవాడల్లా ఆగిపోయాడు. ఊరివాళ్లెవరైనా చూస్తే తప్పు పట్టకుండా ఉంటారా? అలా పట్టే మనిషి ఒక్కరు దొరికినా చాలు, ఊరు తన ఒక్కడి తలలోనే లేదని ధైర్యం. ఆ ఆశతోనే మాస్టరు పెట్టిన ప్రదర్శనకు ఆ అచ్చే ఇచ్చాడు. తిరుపతికి కబురు పెట్టాడు.

వచ్చినవాళ్లంతా బాగుందన్నారు. బాగుంటే ఎవరికి కావాలి? పొద్దుగూకే వేళకు తిరుపతి వచ్చాడు. ఊరు చెల్లాచెదురయ్యాక ఇద్దరూ కలవడం ఇదే. కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

"అచ్చం గట్లనే ఉంది రా, పాణీ." తిరుపతి కళ్లలో నీళ్లు తిరిగాయి. బొమ్మలో ఎడమ గట్టు మీద వేలు పెట్టాడు. "గిదే మా ఇల్లు. గీ తాటిచెట్టు కిందనే గదా మా అవ్వ నన్ను ఆడిచ్చింది. మీ ఇంటికాడ చెట్టే లేకుండె."

ఆ చెట్టు మాదని సారంగపాణి చెప్పబోయాడు. ఏడుస్తున్న మనిషితో ఏం వాదిస్తాడు?

"అవ్ రా, మీదే," అన్నాడు.

ప్రదర్శన అయ్యాక అచ్చు చుట్టి తిరుపతి చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి చెక్కను ఒళ్లో పెట్టుకుని, కుడి గట్టు మీది తాటిచెట్టును తడుముతూ కూర్చున్నాడు. ఆ చెట్టు తమదని ఎరిగినవాడు ఈ లోకంలో ఇక తనొక్కడే.