శుక్రవారం ఇంట్లో ఉండం

మా నాయనకు దాచడం చేతకాదు. కాణిపాకం పక్కన ఐరాలలో పుట్టి పెరిగిన మనిషి. మా వైపు ఇద్దరికి మాటామాటా వస్తే "దేవుడి ముందర ప్రమాణం చేస్తావా?" అనేస్తారు, సగం తగవు అక్కడే తీరిపోతుంది. అలాంటి చోట బతికినందుకో ఏమో, అబద్ధం సంగతి అటుంచి, ఒక మాట చెప్పకుండా ఉండటం కూడా ఆయన దృష్టిలో తప్పే.

నాకు చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి. హైస్కూలుకు వచ్చేసరికి పూర్తిగా మానిపోయాయి. నాకు సంబంధాలు చూడటం మొదలుపెట్టినప్పుడు, మధ్యవర్తిగా వచ్చే పెద్దాయనకు నాయన మొట్టమొదట చెప్పిన సంగతి అదే. పెద్దాయన తలూపి, కాఫీ తాగి వెళ్ళేవాడు. ఏ మాట ఏ ఇంట్లో, ఎప్పుడు, ఎంతవరకు చెప్పాలో ఆయనకు బాగా తెలుసు. చుట్టుపక్కల ఊళ్ళ గుట్టంతా ఆయన కడుపులో ఉండేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ పెద్దాయన మంచాన పడ్డాడు. నేనప్పుడు తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూ హాస్టల్లో ఉండేదాన్ని. ఎవరో చెబితే నాయన చిత్తూరులో ఒక నెట్ సెంటర్‌కు వెళ్ళి, పెళ్ళి సంబంధాల వెబ్‌సైటులో నా వివరాలు పెట్టించి వచ్చాడు. సెంటర్ నడిపే అతను టైపు కొడుతుంటే, పక్క కుర్చీలో కూర్చుని, పెద్దాయనకు చెప్పినట్టే అన్నీ చెప్పాడట.

నేను తిరుపతిలో తెరిచి చూసుకున్నాను. నా పేరు, నక్షత్రం, గోత్రం, కాలేజీ, ఇంటి ఫోన్ నంబరు. చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి, ఇప్పుడు లేవు. ఒక సంబంధం నిశ్చితార్థం దాకా వచ్చి తప్పిపోయింది, తప్పు వాళ్ళది. చివర్లో, ఇంటికి రాదలచుకున్నవాళ్ళకు సూచన: శుక్రవారం ఇంటిల్లిపాదీ గుడికి పోతాం, ఇంట్లో ఉండం.

నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. వెంటనే ఫోన్ చేశాను.

"దొంగోళ్ళను పిలిచి చెప్పినట్టుండాది నాయనా."

"సంబంధం కోసం చూసేవోళ్ళు దొంగలెట్ల అవుతారు పాపా? చెప్పాల్సింది ముందే చెప్పల్ల. రేపు మనల్ని ఎవురూ ఒక మాట అనకూడదు."

"పెద్దాయనకు చెప్పేది వేరు. ఇది లోకమంతా చదువుతాది."

"చదవనీ. అబద్ధం రాయించలేదు గదా."

ఫోన్ పెట్టేశాక బోలెడన్ని జవాబులు తోచాయి.

సంబంధాలకంటే ముందు వేరే ఫోన్లు మొదలయ్యాయి. ఎక్కడివాడో ఒకడు ఇంటికి ఫోన్ చేసి, మీ అమ్మాయి ఫిట్స్‌కు మా దగ్గర మందు ఉందని అమ్మను పట్టుకున్నాడట. నాయన వాడితో కూడా ఓపిగ్గా, తగ్గిపోయిందప్పా, అక్కర్లేదని చెప్పాడు.

నాకు కాలు నిలవలేదు. కాలేజీ వదలగానే నెట్ సెంటర్‌కు పోయి, నా పేరూ మా ఊరి పేరూ కొట్టి వెతికేదాన్ని. ఉండేది. మర్నాడూ ఉండేది. ఎందుకు పోతుందని, ఎవరు తీస్తే పోతుందని! ఒకరోజు మొదటి అక్షరం కొట్టగానే కింద నా పేరు మొత్తం దానంతటదే వచ్చి నిలబడింది. ముందురోజు నేను కొట్టిందే. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళకు కూడా అలాగే కనిపిస్తుందని అప్పుడు అర్థమైంది. అప్పటినుంచి సెంటర్లు మార్చాను. బస్టాండు దగ్గర ఒకటి, రైల్వేస్టేషన్ ఎదురుగా ఒకటి. అలా నన్ను నేను వెతుక్కుంటూ ఊళ్ళోని నెట్ సెంటర్లన్నిటిలో నా పేరు నేనే వదిలిపెట్టి వచ్చాను.

కార్తీక సోమవారం ఒకపొద్దు ఉండి కాలేజీకి వెళ్ళాను. స్టాఫ్ రూములో లేవబోతే కళ్ళు తిరిగి, మళ్ళీ కుర్చీలో కూలబడ్డాను. ఎవరో మంచినీళ్ళు తెచ్చారు. పక్క టేబులు మేడమ్ మాత్రం పరుగున వచ్చి, తన బండి తాళాలగుత్తి నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

ఫిట్స్ వచ్చినవాళ్ళ చేతిలో ఇనుము పెడతారు. ఊరికే కళ్ళు తిరిగినవాళ్ళ చేతిలో ఎవరూ పెట్టరు. గదిలో ఒక్కరు కూడా ఆశ్చర్యపోలేదు. అంటే అందరికీ తెలుసు. ఎన్నాళ్ళ నుంచి తెలుసో, ఎవరు చదివి ఎవరికి చెప్పారో! ఆవిడ మంచికే చేసింది, ఆ మంచితనమే నన్ను కాల్చింది. తాళాలు టేబులు మీద పెట్టి క్లాసుకు వెళ్ళిపోయాను.

ఆ ఆదివారమే నాయుడుపేట బస్సెక్కాను. పాస్‌వర్డు ఆ చిత్తూరు సెంటర్ అతని దగ్గరే ఉండిపోయింది. అతనేమో అక్కడ మూసేసి నాయుడుపేటలో కొత్తది పెట్టుకున్నాడు. నన్ను కూర్చోబెట్టి, నా కళ్ళముందే తీసేశాడు.

"పూడ్సినాది లేక్కా. ఇంక లేదు."

"చదివినోళ్ళు చదివేసినారు గదప్పా?"

"వాళ్ళ తలకాయల్లోంచి నేనెట్ల తీసేదక్కా?" అన్నాడు. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా కునుకు పట్టలేదు.

వేసవిలో తిరుపతి నుంచే ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి బ్యాంకులో ఉద్యోగం. ఈసారి నేను పట్టుబట్టాను. "ఇది నా ఒంటి సంగతి నాయనా. నా నోటితో నేనే చెప్తా. నువ్వు ఊరికే ఉండల్ల." నాయన సరేనన్నాడు. ఊరికే ఉండటం ఆయనకెంత కష్టమో నాకు తెలుసు. ఆ మాట ఎలా ఎత్తుకోవాలో బస్సులో, బట్టలుతుకుతూ, పాఠం మధ్యలో కూడా దిద్దుకున్నాను.

శనివారం వచ్చారు. కాఫీలయ్యాక మమ్మల్నిద్దర్నీ మిద్దె మీదికి పంపారు. నేనే ముందు మొదలుపెట్టాను.

"మీకొక సంగతి చెప్పల్ల."

"ఫిట్స్ గురించేనా? తెలుసండి, ఎప్పుడో నెట్‌లో చదివినాం. మాకేం పట్టింపు లేదు," అన్నాడు మెత్తగా. నన్ను తేలికపరచాలని కాబోలు, నవ్వుతూ ఇంకో మాట చేర్చాడు. "శుక్రవారం మీరు ఇంట్లో ఉండరని కూడా తెలుసు. అందుకే శనివారం వచ్చినాం."

నవ్వాల్సిన చోటే. నాకు ఏడుపొచ్చింది. మంచివాడని అర్థమవుతూనే ఉంది, అయినా కోపం ఆగలేదు. చెప్పడానికి ఇన్నాళ్ళు కూడగట్టుకున్న ధైర్యం ఇప్పుడెవరికీ అక్కర్లేకుండా పోయింది.

"తెలిసినా సరే, నేను చెప్తాను. మీరు వినల్ల," అన్నాను.

చెప్పాను. మొదటిసారి చేనులో వచ్చింది, అమ్మ పక్కన కాయలు కోస్తుంటే. నాయన మోటారు కొట్టం తాళంచెవి నా గుప్పిట్లో పెట్టి, నన్ను భుజాన వేసుకుని రోడ్డుదాకా పరుగెత్తాడు. వేలూరు ఆస్పత్రిలో నర్సు ఆ తాళంచెవి తీయబోతే, ఇంటికి పోయేదాకా ఉండనీ తల్లీ అని ఏడ్చాడు. మా నాయన ఏడవటం నేను చూసింది అప్పుడే. పొలానికి ఆ పూట నీళ్ళు కట్టలేదు. కొట్టం తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది మరి.

అతను నవ్వడం మానేసి విన్నాడు. కింద నుంచి ఎవరో పిలిచినా కదల్లేదు.

"ఇదంతా అందులో లేదే," అన్నాడు.

"లేదు," అన్నాను. "ఇది నేను చెప్తేనే తెలిసేది."