మిరప కోతల్లో మస్తాన్‌బీ చేతులు

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ వీధిలో చంటిబిడ్డను ధైర్యంగా ముట్టుకోగల ఆడది మస్తాన్‌బీ ఒక్కతే. మిగతా వాళ్లంతా తెల్లారేసరికి మిరపచేలలో ఉంటారు. కాయ కోసిన చెయ్యి ఎలా మండుతుందో కోసినవాళ్లకే తెలియాలి. ఆ చేత్తో బిడ్డ మూతి తుడిస్తే ఇంకేమైనా ఉందా! అందుకని సాయంత్రం చేలోంచి వచ్చినవాళ్లు వచ్చినట్టే ఆవిడ గుమ్మం ముందు ఆగుతారు. ఒకామె పిల్లవాడికి నీళ్లు పోయమంటుంది, ఇంకొకామె అన్నం తినిపించమంటుంది, మరొకామె కంట్లో నలక తీయమని ముఖం ముందుకు పెడుతుంది.

మస్తాన్‌బీ నోరేమీ మంచిది కాదు. నన్ను పంచాయతీ వాళ్లు మీకు పనిమనిషిగా పెట్టారా అని మొదలుపెట్టి, కనబోయేముందు నన్నడిగి కన్నారా అనేదాకా తిడుతుంది. ఆ తిట్లు అయిపోయేసరికి పిల్లవాడి కడుపు నిండి, ముఖానికి పౌడరు పడి, చంకలో నిద్రపోతూ ఉంటాడు. ఆ నోటిని ఎవరూ లెక్కచేయరు. నిజం చెప్పొద్దూ, ఒకరోజు తిట్టకపోతే ఒంట్లో బాగాలేదేమోనని వాళ్లే అడుగుతారు.

ఆవిడ చేతులు ఇలా మిగలడానికి కారణం కుట్టుమిషన్. పొన్నూరు దగ్గర వరిచేల మధ్య పెరిగిన పిల్ల, మాబు సాహెబ్‌ని చేసుకుని ఈ మిరప నేలకు వచ్చింది. కొత్తలో సరదాపడి అందరితో పాటు కోతకు వెళ్లింది. సాయంత్రం వచ్చి, చేతులైనా కడుక్కోకుండా, ఎవరిదో పెళ్లి జాకెట్టుకు చేతులు కుట్టింది. ఆ పెళ్లికూతురు పీటల మీద కూర్చుని పురోహితుడి మాట వినకుండా భుజాలు గోక్కుందట! ఊరు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. ఆ రోజు నుంచి మస్తాన్‌బీ మిరపకాయ జోలికి పోలేదు. మాబు సాహెబ్ పరుపులు కుడుతూ ఊళ్లు తిరుగుతాడు, ఈవిడ ఇంట్లో జాకెట్లు కుడుతుంది.

ఈ ఏడు కోతలు మంచి ఊపు మీదున్నప్పుడు ఎదురింటి వెంకటరావమ్మకు కంటి ఆపరేషన్ అయింది. ఆమెకు ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. ఉన్నది కుడి కన్నొక్కటే, దానికే శుక్లం. డాక్టరు నెల రోజులు చుక్కల మందు వేయమని, కంటికి చెయ్యి తగలనివ్వొద్దని గట్టిగా చెప్పి పంపాడు. కొడుకు అంకమ్మరావు, కోడలు నాగజ్యోతి పొద్దస్తమానం కళ్లంలోనే ఉంటారు. ఇంకెవరు వేస్తారు? అడగనైనా అడగకముందే మస్తాన్‌బీ చుక్కల సీసా లాక్కుంది. రోజుకు ఆరుసార్లు మిషన్ ఆపి వీధి దాటేది. కదలకు పెద్దమ్మా, చిన్నపిల్లలు నీకంటే నయం అని కసురుతూ, కింది రెప్పను వేలితో లాగి చుక్క వేసేది. ఆమె ముందు వెంకటరావమ్మ బుద్ధిగా తల వెనక్కి వాల్చేది.

పన్నెండో రోజు మధ్యాహ్నం తూర్పున మబ్బు పట్టింది. కళ్లంలో పంటంతా ఆరబోసి ఉంది. అంకమ్మరావు మొదటి లోడుతో గుంటూరు యార్డుకు వెళ్లాడు. నాగజ్యోతి ఒక్కతే ఉంది. మిరపకాయ తడిసిందా, ఎరుపు పోయి తాలై కూర్చుంటుంది, ఏడాది కష్టం గంగపాలు. మంచం మీదినుంచి వెంకటరావమ్మే, నాకేం పరవాలేదు, కోడలికి సాయం వెళ్లమని తొందరపెట్టింది. మస్తాన్‌బీ వెళ్లింది. పాతికేళ్ల పట్టుదల ఆ గంటలో పోయింది. ఇద్దరూ వట్టి చేతులతో కాయను కుప్ప చేసి పట్టలు కప్పారు. తీరా చూస్తే నాలుగు చినుకులు రాల్చి ఆ పాడు మబ్బు సముద్రం వైపు వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి మస్తాన్‌బీ చేతులు మూడుసార్లు సబ్బుతో రుద్దింది, మజ్జిగతో కడిగింది. పోయిందో లేదోనని వేలు నాలిక్కి రాసుకుని కూడా చూసుకుంది. రోజూ కాయ కోసే ఏ మనిషీ చేయని పొరపాటు ఇక్కడే జరిగింది. గోళ్ల సందుల్లో చేరిన ఘాటు రెండు రోజులదాకా వదలదని వాళ్లందరికీ తెలుసు. ఈవిడకు తెలిసిందల్లా, ఆనాడు చేతులు కడగకపోవడం వల్లే జాకెట్టు మండిందని. కడిగితే పోతుందనుకుంది పాపం.

ఆరు గంటల చుక్కకు రెప్ప లాగింది. వెంకటరావమ్మ కేకకు వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది.

ముగ్గురూ ఆటోలో గుంటూరు చేరేదాకా మస్తాన్‌బీ ఎవరినీ తిట్టలేదు. జీవితంలో మొదటిసారి కాబోలు. నాగజ్యోతి ఏమైందని అడిగినా చెప్పలేక తన చేతులవంకే చూసుకుంటూ కూర్చుంది. ఉన్న ఒక్క కన్నూ తన చేత్తోనే పోగొట్టానా దేవుడా అని లోపల కుమిలిపోతోంది. డాక్టరు కన్ను కడిగి, ఎలా జరిగిందని అడిగాడు. చెప్పేద్దామని మస్తాన్‌బీ నోరు తెరిచింది. ముసలావిడ ఆ అవకాశమే ఇవ్వలేదు.

"దురద పుట్టిందండీ. కాయ ముట్టుకున్న చేత్తో నేనే నలుపుకున్నా," అంది వెంకటరావమ్మ.

డాక్టరు ఇంకేముంది, దులిపేశాడు. ఇంత వయసొచ్చి బుద్ధి లేదా అన్నాడు. నీలాంటి వాళ్లకు ఆపరేషన్ చేయడం మాదే తప్పు అన్నాడు. అంత నోరున్న వెంకటరావమ్మ తల వంచుకుని అన్నిటికీ ఊఁ కొట్టింది. తలుపు పక్కన నిలబడ్డ మస్తాన్‌బీకి ఒక్కో మాటా చెంప మీద కొట్టినట్టే ఉంది. చేసింది నేను, నేను అని అరవాలనిపించింది, తలుపు పట్టుకుని ఆగిపోయింది. పైన కుట్టు నిలిచింది, లోపల సంగతి పొద్దున కట్టు విప్పితేగానీ చెప్పలేనని డాక్టరు వెళ్లిపోయాడు. ఆ రాత్రి వెంకటరావమ్మా, మస్తాన్‌బీ ఎలా గడిపారో ఎవరికి వాళ్లకే తెలుసు.

పొద్దున కట్టు విప్పి డాక్టరు వేళ్లు చూపించాడు. "మూడండి," అంది వెంకటరావమ్మ. "చివరి వేలికి ఉంగరం కూడా ఉంది." మస్తాన్‌బీ వరండాలో కూలబడి ఏడ్చేసింది.

ఊళ్లో బస్సు దిగగానే నాగజ్యోతికి జరిగిందంతా చెప్పేసింది. నాగజ్యోతి ఆవిడ భుజం పట్టుకుంది, మా కాయ కోసమే కదా వచ్చావు వదినా అంది. మస్తాన్‌బీ వినిపించుకోలేదు. నేరుగా ఇంట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. ఇక ఈ చేతులు ఎవరినీ ముట్టుకోవని ఒట్టేసుకుంది.

మధ్యాహ్నం రెండింటికి చుక్క వేయాలి. ఎదురింట్లో చూసి చూసి, వెంకటరావమ్మ నల్ల కళ్లజోడుతో గోడ పట్టుకుంటూ తనే వీధి దాటి వచ్చింది. చుక్కల సీసా గుప్పిట్లో ఉంది. మిషన్ పక్కన స్టూలు తడుముకుని కూర్చుని, తల వెనక్కి వాల్చింది.

మస్తాన్‌బీ చేతులు కొంగులో దాచుకుంది. "నావల్ల కాదు పెద్దమ్మా. ఇంకా మండుతున్నాయి. ఇంకెవరినన్నా అడుగు."

"ఎవరినే అడిగేది? డాక్టరు చేత అన్ని చీవాట్లు తిన్నది ఇంకెవరో వచ్చి వేస్తారనా?" అంది వెంకటరావమ్మ. "మండే చెయ్యి కంటికి తగలక్కర్లేదు. రెప్ప నేను పట్టుకుంటా. మందు నువ్వెయ్యి."

ముడతలు పడ్డ రెండు వేళ్లతో తన రెప్ప తనే విప్పి పట్టుకుంది. ఎర్రగా వాచిన ఆ ఒక్క కన్ను పైకి చూస్తోంది. మస్తాన్‌బీ కొత్త జాకెట్టు గుడ్డ ఒకటి చేతికి చుట్టుకుని, సీసా ఎత్తి పట్టింది. మొదటి చుక్క చెంప మీద పడింది.

"పోనీలే," అంది వెంకటరావమ్మ, రెప్ప వదలకుండానే. "సీసా నిండా ఉందిగా. ఇంకోటి వెయ్యి."

రెండోది కంట్లో పడింది.