నాచారం నౌకరి, ఉప్పల్ కుట్టుమిషను

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు ఉప్పల్‌లో మా ఇంటికి వచ్చి, ఉప్మా తింటూ తింటూనే ఫోనులో ఏదో నొక్కి, "పెద్దమ్మా, నౌకరి ఇడిసిపెట్టిన. ఇగ ఇంట్ల కూసొని చీరలమ్ముడే" అన్నది. మెచ్చుకోవాలో కోప్పడాలో తెలియక దానికి ఇంకాస్త ఉప్మా వడ్డించాను గాని, నా మనసు మాత్రం నాచారంలో ఒకప్పటి మందుల కంపెనీ గేటు దగ్గరికి పోయి నిలబడింది.

కంపెనీ నౌకరి అంటే ఆ రోజుల్లో ఎంత గొప్పో నా ఈడు వాళ్ళకు చెప్పక్కర్లేదు. మాది బిళ్ళల డబ్బాలు ప్యాక్ చేసే పని. పొద్దస్తమానం నిలబడే చెయ్యాలి, బాత్రూముకు పోవాలన్నా బడిపిల్లలాగా చెయ్యెత్తి అడగాలి, సూపర్‌వైజరమ్మ తల ఊపితేనే కదలాలి. ఇద్దరు పిల్లల తల్లినై ఉండి చెయ్యెత్తడమంటే నాకు ఒళ్ళు మండిపోయేది. అందుకే మా ఆయన వద్దన్నా వినకుండా కుట్టుమిషను కొన్నాను. కంపెనీకి పోకముందు కొంత, వచ్చాక కొంత జాకెట్లు కుట్టడం, ఆ రాబడి జీతంతో సమానమైన రోజున కంపెనీకి ఒక దండం పెట్టి, ఉప్పల్‌లో చిన్న మడిగె అద్దెకు తీసుకుని నా దుకాణంలో నేను కూర్చోవడం, ఇదీ నా ఆలోచన.

నా కుట్టు మంచిదేనండీ, గొప్పలు పోవడం కాదు. చంక దగ్గర పట్టకుండా ఒకసారి కుట్టించుకున్న మనిషి మళ్ళీ ఇంకో దర్జీ గడప తొక్కేది కాదు. ప్యాకింగు ఆడవాళ్ళంతా టిఫిన్ సంచిలో కొత్త బట్ట, దానితోపాటు కొలతకు ఒక ఆది జాకెట్టు పెట్టి తెచ్చేవారు. సూపర్‌వైజరమ్మ కూడా తెచ్చింది. ఆమె కూలి ఇవ్వకపోయినా అడిగేదాన్ని కాదు, ఎట్లా అడుగుతాను? కాస్త ఆలస్యంగా పోయినా మాట పడటం లేదు కదా అని మురిసిపోయాను.

ఒక ఏడు బతుకమ్మ పండుగ ముందర కుట్టు రాబడి జీతాన్ని దాటింది. నేను మడిగెలు చూసి వచ్చిన రోజున, మా అత్తమ్మ మూలన పేరుకున్న ఆది జాకెట్లు మడతపెడుతూ, "గివన్ని మీ కంపెనోళ్ళయే గదనే బిడ్డా! నువ్వు నౌకరి ఇడిస్తె, నాచారం నుంచి ఉప్పల్ దాంక జాకెట్టు కోసం బస్సెక్కి ఎవలొస్తరు?" అన్నది. నిజమే! మా సందులో వాళ్ళకు వాళ్ళ దర్జీ ఉన్నాడు. ఒక్కరి గుడ్డ కూడా ఆ కుప్పలో లేదు. ఏ నౌకరి నుంచి బయటపడదామని మిషను కొన్నానో, ఆ నౌకరే నా మిషనును పోషిస్తున్నది. కుడితిలో పడ్డ ఎలుక అంటారే, అచ్చం అట్లా అయింది నా బతుకు.

అయినా మొండికేసి, పండుగ కాగానే సూపర్‌వైజరమ్మకు మానేస్తానని చెప్పబోయాను. మాట పూర్తికానిస్తేగా! "ఏందే, పిచ్చి లేసిందా? మా ఆడిబిడ్డ పెండ్లి జాకెట్లు ఎవలు కుడుతరు? జర ఆగు, పెండ్లి అయినంక సూద్దాం తియ్" అని నవ్వేసింది. ఆమెను కాదంటే మిగతా ఆడవాళ్ళ బట్టలు గేటు దాటి నాదాకా రావని నాకు తెలుసు. పెండ్లి అయింది, ఆ వెనుక సీమంతం వచ్చింది, ఆ వెనుక ఇంకెవరిదో గృహప్రవేశం. అట్లా ఏళ్ళు గడిచిపోయాయి.

చివరికి కంపెనీయే మూతపడింది. యజమానులు దాన్ని ఎక్కడికో దూరం తరలించుకుపోయారు. గేటు ముందు ఆడవాళ్ళంతా ఏడ్చారు. ఎగిరి గంతెయ్యవలసినదాన్ని, అందరికన్నా ఎక్కువ నేనే ఏడ్చాను. "ఫికర్ జెయ్యకు, నీకు చేతిల పనున్నది" అని సూపర్‌వైజరమ్మ ఓదార్చింది. నా ఏడుపు జీతం కోసం కాదని ఆమెకు ఎట్లా చెప్పను? మానేస్తున్నాను అని నా నోటితో నేను అనవలసిన మాట, నోట్లోనే ఉండిపోయింది.

తరువాత మా సందు ఆడవాళ్ళూ మెల్లగా నా దగ్గరికే వచ్చారు, బతుకు నడిచింది, ఏ లోటూ లేదు. మా కాలంలో నౌకరి మనిషిని విడవడమే చూశాను గాని, తనంతట తాను నౌకరిని విడిచిన ఆడది ఒక్కతైనా నాకు గుర్తుకు రాదు. చెల్లెలి కూతురు పోయేముందు ఉండబట్టలేక, మీ ఆఫీసువాళ్ళు ఏమన్నారే అని అడిగాను. చెప్పులు తొడుక్కుంటూ, "ఏమంటరు పెద్దమ్మా, సరే అన్నరు" అన్నది.

సరే అన్నారట! అంత చిన్న మాట కోసం నేను ఎన్నేళ్ళు కాచుకున్నానో దానికేం తెలుసు.