సైదమ్మ అన్న పేరు

మొన్న ఒక కొట్టు ముందు సాంబ్రాణి పొగ తగలగానే, మాచర్లలో నేను మూడో తరగతి చదివేటప్పటి మధ్యాహ్నం ఒకటి గుర్తొచ్చింది.

"సైదమ్మంటే సాయిబుల పేరే. నిన్ను ఫకీరు ఇచ్చాడంట. మళ్ళీ వచ్చి తీసకపోతాడు" అంది బడిలో నా పక్కన కూర్చునే రమణ. ఆ వారమే ధూపం వేసే ఫకీరు మా గుమ్మం ముందుకు వచ్చాడు. నేను వడ్ల బస్తాల వెనక నక్కాను.

"బిడ్డేదమ్మా?" అన్నాడాయన. అమ్మ నన్ను బయటికి లాగింది. ఆయన దీవించే నెమలీకల కట్ట తలకు తగిలేసరికి "నేను రాను!" అని అరిచి అమ్మ కాళ్ళు చుట్టేశాను.

ఆయన నవ్వాడు. "యాడికమ్మా వచ్చేది? నీ పేర్లో సైదంటే సయ్యదే, అరబ్బీలో దొర అని. నువ్వు ఈ ఇంటి దొరసానివి."

అమ్మ నవ్వలేదు. ఆయన వెళ్ళాక నన్ను ఒళ్ళోకి తీసుకుంది.

"నీకు ముందు ఇద్దరు పుట్టి పోయారే. నువ్వన్నా దక్కాలని దర్గాలో మొక్కి ఆ పేరు పెట్టుకున్నా. నిన్నెవురికిస్తానే?"

అంటూ నన్ను ఇంకా దగ్గరికి అదుముకుంది.

నన్నెవరో తీసుకుపోతారన్న భయం నాకు ఆ కొద్ది రోజులే. అమ్మ మాత్రం నన్ను పిలిచిన ప్రతిసారీ ఆ భయంతోనే పిలిచిందని, నేను తల్లినయ్యాకే తెలిసింది.