దిగుడు దగ్గర మోకాళ్లు

ఒక ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి, కర్నూల్లో ఒక ఫంక్షన్ హాల్లో, రెండు వందల మంది చూస్తుండగా నేను డీజే చేతిలోంచి మైకు లాక్కున్నాను. నాకు యాభై ఆరేళ్లు. డోన్లో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. మైకు లాక్కోవడం అదే మొదటిసారి గానీ కోపం మాత్రం కొత్త కాదు. నేను ఇంటికి రాగానే మా ఆవిడ ముందు నా మొహం చూసి, ఆ తర్వాతే మంచినీళ్లు తెస్తుంది.

ఈ పాత డిస్కో పార్టీలు మా వైపు ఈ మధ్యనే మొదలయ్యాయి. కాలేజీ రోజుల్లో బెల్బాటమ్ ప్యాంట్ల చివరి అంచు పట్టుకున్న వాళ్లం, టేపులు అరిగేదాకా విన్నవాళ్లం, ఇప్పుడు షుగరు మాత్రలు జేబులో వేసుకుని నెలకొకసారి ఏదో ఒక హాల్లో చేరతాం. పార్టీ మధ్యాహ్నమే పెడతారు. చీకటి పడేసరికి ఇంట్లో జొన్న రొట్టె తిని పడుకోవాల్సిన వయసు మాది. పొద్దున పెళ్లి జరిగిన హాలైతే వెనక పూలదండలు ఇంకా వేలాడుతూనే ఉంటాయి, వాటి ముందే తిరిగే లైట్లు పెడతారు. చూడ్డానికి మహా అసహ్యంగా ఉంటుంది. అయినా పోతాను.

పోయేది ఎగరడానికి కాదు, వినడానికి. పాటలు అందరికీ తెలిసినవే. ఒక పాటలోంచి ఇంకో పాటలోకి ఎట్లా తీసుకుపోయాడన్నదే మాకు కావాలి. దాన్ని మేం అతుకు అంటాం. కడప వాళ్లకు నరికినట్టుండే అతుకు ఇష్టం. ఒక దెబ్బ మీద ఈ పాట ఆగాలి, మరుసటి దెబ్బకు ఆ పాట మొదలవ్వాలి, మధ్యలో ఊపిరి పీల్చే సందు ఉండకూడదు. డోన్ వాళ్లకు కరిగే అతుకు కావాలి. కింద తబలా ఒక పాటది, పైన గొంతు ఇంకో పాటది, ఎప్పుడు మారిందో తెలియకూడదు. బద్వేలు నుంచి వచ్చే ఒక ఎరువుల కొట్టాయనా నేనూ ఈ విషయం మీద ఒకసారి భోజనాల దగ్గర ప్లేట్లు పట్టుకునే అరుచుకున్నాం. మాకు పిచ్చి అనుకునేవాళ్లు అనుకోవచ్చు. వాళ్లు అతుకు వినలేదు, అంతే.

నాకు అతుకు వినడం నేర్పింది మా ఊళ్లో టేపులు రికార్డు చేసిన అన్న. రక్తసంబంధం లేదు, అన్న అని పిలుస్తాను. ముప్పై ఐదేళ్ల కిందట డోన్ స్టేషన్ దారిలో ఆయనకు ఒక బంకు కొట్టు ఉండేది, వెనక ఒక గది, ఆ గదిలోనే కాపురం. రెండు టేపు డెక్కులు, ఒక మిక్సర్ పెట్టె, కలిపింది ఎక్కించుకోవడానికి బ్యాటరీల మీద నడిచే రికార్డరు. పాట వేగం పెంచడానికి, తగ్గించడానికి మీట లేని డెక్కులవి. అన్న వాటి వెనక చిన్న చిల్లులు పొడిచి, లోపల మోటారుకుండే స్క్రూను కరెంటు టెస్టర్‌తో తిప్పేవాడు. కుడిచేత్తో ఒక టెస్టర్, ఎడమచేత్తో ఒకటి. వెంట్రుక వాసి తిప్పితే పాట వేగం పెరిగేది. రెండు పాటల దెబ్బలూ ఒకదాని మీద ఒకటి పడేదాకా అట్లా తిప్పుతూ, పెదవుల మీద లెక్క పెట్టుకునేవాడు. నేను ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని సాయంత్రాలన్నీ అక్కడే పాడు చేసుకున్నాను. పాడు చేసుకున్నానని మా నాన్న అన్నమాట, నాది కాదు.

ఆయనకు పేరు తెచ్చింది ఒక తప్పు. మా ఊరి చుట్టూ రాళ్లు పాలిష్ చేసే ఫ్యాక్టరీలు ఉన్నాయి. భోజనాల తర్వాత మిషన్లన్నీ ఒకేసారి వేస్తే ఊరంతా వోల్టేజీ పడిపోయేది. ఒక మధ్యాహ్నం అన్న టేపు చేస్తుండగా సరిగ్గా అతుకు దగ్గర వోల్టేజీ పడింది. మోటారు నీరసించి పాట కిందికి కుంగిపోయింది. ఇంకొకడైతే టేపు ఆపి మొదటి నుంచి మళ్లీ చేసేవాడు. అన్న ఆపలేదు. టెస్టర్ తిప్పి రెండో పాటను కూడా అంతే కిందికి దించాడు, కుంగిన పాటతో దాన్ని కలిపాడు, ఆ తర్వాత రెండింటినీ కలిపి మెల్లగా పైకి లేపాడు. ఎనిమిది దెబ్బలు కిందికి, ఎనిమిది దెబ్బలు పైకి. ఆ టేపు నకలు మీద నకలుగా, మొదలూ చివరా తెగిపోయి, నాలుగు జిల్లాలు తిరిగింది. పెళ్లి ఊరేగింపుల్లో, కాలేజీ హాస్టళ్లలో ఆ చోటు రాగానే జనం పాటతో పాటు మోకాళ్లు వంచి కిందికి దిగేవాళ్లు, పాటతో పాటే లేచేవాళ్లు. దానికి దిగుడు అని పేరు పడింది. ఎవరు చెప్పారో, ఎక్కడ మొదలైందో తెలియదు. ఇప్పటికీ ఏ పార్టీలోనైనా దిగుడు వస్తే అరిగిపోయిన మోకాళ్లతోనే అందరూ వంగుతారు. చేసినవాడి పేరు మాత్రం మా ఊరు దాటి ఎవరికీ తెలియదు.

దానికి దొరికినవాణ్ణల్లా తిట్టేవాణ్ణి. అన్న ఇప్పుడు అదే బంకులో ఫోన్లకు పగిలిన అద్దాలు మారుస్తున్నాడు. పార్టీలకు రమ్మని ఎన్నిసార్లు పిలిచినా రాడు. ఈసారి గట్టిగా పట్టుకున్నాను. కర్నూలు పార్టీకి వచ్చే డీజే దిగుడు తప్పకుండా వేస్తాడనీ, ఆ రెండు వందల మంది ముందు నీ పేరు చెప్పిస్తాననీ మాటిచ్చాను. అన్న చాలాసేపు స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"చెప్పేది నిజమేనా? ఒగసారి వింటే సాలప్పా," అన్నాడు.

ఆశ్చర్యమేమిటంటే వదిన కూడా బయల్దేరింది. భర్త పనిని ఆమె ఏనాడూ పని కింద లెక్కవేసినట్టు నాకు కనబడలేదు. ఆ టేపు వేస్తారా అని మాత్రం రెండుసార్లు అడిగి, పట్టుచీర కట్టుకుని బస్సెక్కింది.

హాల్లో ముగ్గురం గోడ పక్కన కుర్చీల్లో కూర్చున్నాం. డీజేకి ముప్పై ఏళ్లుంటాయి, కడప కుర్రాడు. ముందర ల్యాప్‌టాప్, మెడకు హెడ్‌ఫోన్లు. ఆ హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకోగా నేను చూడలేదు. చేతులు గాల్లో ఊపుతాడు, ఒక చక్రం ఊరికే తిప్పుతాడు, ఆ చక్రానికీ పాటకూ ఏ సంబంధమూ లేదు. లెక్కలు చెప్పే వాణ్ణి, దెబ్బకూ చేతికీ పొంతన లేకపోతే తెలియదా? పాటలు ముందే కలిపి తెచ్చాడు, పొద్దున ఇంట్లో వండుకొచ్చిన అన్నాన్ని ఇక్కడ ఉత్తుత్తి గరిటెతో కలుపుతున్నాడు. జనం ఫోన్లు ఎత్తి వాణ్ణి వీడియో తీస్తున్నారు. నా చెవులు వేడెక్కడం అప్పుడే మొదలైంది.

దిగుడు వచ్చింది. హాలంతా వంగింది. బద్వేలు ఎరువుల కొట్టాయన ఒక చేత్తో కుర్చీ పట్టుకుని మరీ వంగాడు. పక్కన అన్న వేళ్లు తొడ మీద టెస్టర్ తిప్పినట్టు తిరుగుతున్నాయి. పాట పైకి లేచింది, జనం లేచారు, చప్పట్లు పడ్డాయి. డీజే గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగి దండం పెట్టి, ఇది మన స్పెషల్, ఎక్కడా దొరకదు అన్నాడు.

అన్న నా వైపు చూశాడు.

ఎట్లా పోయానో తెలియదు. మైకు నా చేతిలో ఉంది. ఇది ఇతని స్పెషల్ కాదు, ఇతను పుట్టకముందు చేసింది, చేసినాయన అదిగో అక్కడ కూర్చున్నాడు, దొంగసొత్తుకు దండాలు పెడుతున్నారు మీరు అని అరిచాను. ఇంకా ఏవేవో అన్నాను. సిగ్గులేని జన్మ అన్నాను, అది గుర్తుంది. డీజే పాట తగ్గించాడు. కోప్పడి ఉంటే నాకు సుఖంగా ఉండేది. వాడు కోప్పడలేదు. తన ఫోన్ తీసి, వెతికి, నా మొహం ముందు పెట్టాడు.

"ఇది మీ పాత డిస్కో వాట్సాప్ గ్రూపులోనే దొరికింది సార్. పంపించిన నంబరు ఎవుర్దో చూడండి. దీంట్లో పేరుంటే నేను చెప్పనా? యాడా పేరు లేదు."

నంబరు నాదే.

ఆరేళ్ల కిందట అన్న తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క మంచి టేపును నాకిచ్చాడు. మిగతావి బూజు పట్టి పోయాయి. నేను దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి గ్రూపులో పెట్టాను. ఎక్కించడం అయిపోయాక నా డెక్కు టేపును నమిలేసింది. ఫైలు ఉంది కదా అని ఆ టేపును చెత్తబుట్టలో వేశాను, ఆ సంగతి అన్నకు చెప్పలేదు. టేపు మొదట్లో ఒక ఆడగొంతు ఉండేది. కొట్టు పేరు, ఊరు పేరు, ఈ టేపును కలిపినవారు అంటూ అన్న పేరు. బెదురుతూ చెప్పి, చివర్లో నవ్వు ఆపుకోలేక ఆగిపోతుంది. ఆ గొంతు ఎవరిదని నేనెప్పుడూ అడగలేదు. బెంగుళూరు, హైదరాబాద్ వాళ్లు కూడా ఉన్న గ్రూపు, ఈ పల్లెటూరి గొంతు వింటే నవ్వుతారనుకున్నాను. పాట శుభ్రంగా ఉండాలని దాన్ని కోసేశాను. ఎంత నున్నగా కోశానంటే అక్కడ మాట ఉండేదని ఎవరికీ అనుమానం రాదు. ఆ పనికి ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆరేళ్లుగా అన్న పేరు ఎవరికీ తెలియదని కనబడినవాళ్లనల్లా తిట్టిపోసింది నేనే. ఆ పేరును తీసేసిందీ నేనే.

డీజే మంచివాడు. అది ఇంకా కోపం తెప్పించింది. అన్న పేరు నన్నడిగి, మైకులో రెండుసార్లు చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. హాలు యజమానికి దండ వేసినప్పుడు కొట్టే చప్పట్లే అవి, పాట ఆగిందన్న విసుగు వాటిలో వినబడుతూనే ఉంది. అన్న లేచి అందరికీ దండం పెట్టి కూర్చున్నాడు. అంతటితో అయిపోయేదే. అప్పుడు వదిన లేచి డీజే దగ్గరికి నడిచింది.

"దాన్ని మొదటి నుంచి ఎయ్యి నాయనా," అంది.

వాడు వేశాడు. ఒక్కసారిగా దెబ్బ మొదలైంది, దాని మీద గిటారు. వదిన స్పీకరు పక్కన తల ఒక వైపుకు వాల్చి నిలబడింది. పాట సగం దాకా అట్లాగే నిలబడింది. తర్వాత వచ్చి కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంది. చెమట అనుకున్నాను.

తిరుగు బస్సులో వాళ్లిద్దరూ ముందు సీట్లో, నేను వెనక. వెల్దుర్తి దాటాక ఉండబట్టలేక అంతా చెప్పేశాను. కోసింది నేనేనని, టేపు పారేసింది నేనేనని. అన్న కిటికీ వైపు తిరిగాడు. చెప్పింది వదినే.

"అది నా గొంతప్పా. పెండ్లయిన కొత్తల్లో ఆయప్ప పట్టుబట్టి చెప్పించినాడు. మొగుని పేరు నోట పలకగూడదని మాయమ్మ శానా కొట్టింది తరవాత. ఆ ఒక్కతూరే పలికినా. అది విందామనే వచ్చినా."

ఎంత సిగ్గుమాలినవాణ్ణో, ఫోన్ తీసి ఇప్పుడు మళ్లీ చెప్పు వదినా, ముందర అతికిస్తాను అన్నాను.

ఆమె నా ఫోన్ వైపు చూడను కూడా చూడలేదు.

"ఆ చెప్పింది పందొమ్మిదేండ్ల పిల్ల. నేను యాడ తెచ్చేది ఆ పిల్లను?"

డోన్ బస్టాండులో దిగాక అన్న నా భుజం మీద చెయ్యేసి, రేపు కాలేజీ ఉండాది కదా, పోయి పడుకో అన్నాడు. నన్ను తిట్టన్నా అని అడిగాను. బస్టాండంతా వినబడేట్టు రెండోసారి అన్నాను, చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ఆయన తిట్టలేదు. వదిన చేతిలోని సంచి అందుకున్నాడు, ఇద్దరూ బంకు వైపు నడిచిపోయారు.