ఆవిరి హంస

నేను గీసే ఎగతాళి బొమ్మలకు ఒక నియమం ఉంది. బొమ్మ ఎంత నవ్వు పుట్టించినా, అందులోని యంత్రం మాత్రం నడవాలి. చక్రానికి చక్రం సరిగ్గా కరుచుకోవాలి, ఆవిరి లోపలికి వచ్చే దారి, బయటికి పోయే దారి కనిపించాలి, పీడనం పెరిగితే తెరుచుకునే వాల్వు ఒకటి ఉండాలి. నాగర్‌కర్నూల్ వైపు ఒక ఎత్తిపోతల పంపుహౌసులో మెకానికల్ ఇంజినీరుగా పనిచేసే నాకు, నడవని యంత్రాన్ని గీయడానికి చేయి రాదు.

దుకాణాలవాళ్లు ఇచ్చే క్యాలెండర్ల మీద తామరకొలను పక్కన హంసతో ముచ్చటించే రాకుమారిని చూడని ఇల్లు మా గద్వాలలో ఉండదు. నేను ఆ హంసకు రాగిరేకు రెక్కలు తొడిగాను. పొట్టలో బాయిలరు, మెడ పొడవునా ఆవిరి గొట్టం, రొమ్ము మీద పీడనం చూపే ముల్లు, తోక దగ్గర పొగగొట్టం పెట్టాను. రాకుమారి చేతిలోని తామరపువ్వు తీసేసి నూనెడబ్బా ఇచ్చాను. హంస సందేశం చెబుతుంటే ఆమె వింటూనే దాని మెడ కీలుకు నూనె వేస్తూ ఉంటుంది. తొడ కొడితే బండ్లు గాల్లోకి లేచే కథానాయకుడి సినిమా పోస్టరునూ వదలలేదు. నా బొమ్మలో ఆయన తొడ కింద ఒక ఆవిరి సుత్తి దాగి ఉంటుంది. బండి ఎంత ఎత్తుకు లేస్తుందన్నది ఆయన కోపాన్ని బట్టి కాదు, సిలిండరు వ్యాసాన్ని బట్టి. ఆ బొమ్మను పంపుహౌసులో కంట్రోల్ ప్యానెల్ పక్కనే అంటించారు. మా అమ్మ మాత్రం మొదటినుంచీ ఒకే షరతు పెట్టింది.

"దేవుళ్ల జోలికి పోకు. మిగిలినోళ్లను ఏమన్న చేస్కో."

ఆ హంస బొమ్మను మా చెల్లెలు తన పెళ్లి చీర కొంగు మీద కోరుకుంటుందని మాత్రం నేను ఊహించలేదు.

మా నాయన గద్వాల చీరలు నేస్తాడు. చెల్లెలు ఆయన మగ్గం మీద బొమ్మలు నేయించే జకార్డుకు అట్టలు కొడుతుంది. గ్రాఫు కాగితం మీది ఒక్కో గడిని చూసుకుంటూ అట్టలో రంధ్రం పొడవడం, ఆ అట్టలను వరుసగా కుట్టడం ఆమె పని. అట్టలో రంధ్రం ఎక్కడుందో చూసుకునే జకార్డు ఏ పోగు లేపాలో ఎంచుకుంటుంది. ఆమె కొట్టిన నెమళ్లు, మామిడిపిందెలు ఎన్ని పెళ్లిళ్లలో పీటలమీద కూర్చున్నాయో చెప్పలేం.

"అందరి చీరలకు అట్టలు కొట్టిన అక్కా. కండ్లు మూసుకున్నా నెమలే కనబడుతది. నా చీర మీద నన్ను నవ్విచ్చేది ఉండాలె" అంది.

చిక్కు ఒకటుంది. పెళ్లి చీర పెట్టడం మగపిల్లవాడి ఇంటివారి ఆనవాయితీ. వాళ్లదీ నేత ఇల్లే, వనపర్తి జిల్లాలోని అమరచింత. వధువు తండ్రి తానే నేస్తానన్నందుకు వాళ్లు ఒప్పుకున్నారు గానీ, పెళ్లికొడుకు అవ్వ ఒక మాట అట్టే పెట్టుకుంది: చీర చూసి నచ్చితేనే అది పీటల మీదికి వస్తుంది. నచ్చకపోతే వాళ్ల మగ్గం మీద నేసిన ఎర్రచీరే చెల్లెలు కట్టుకోవాలి.

నేను గ్రాఫు గీసి నాయన ముందు పెట్టిన రోజు ఆయన మగ్గం గుంతలోంచి కాళ్లు పైకి తీసుకుని, కాగితాన్ని వెలుతురుకు తిప్పి పట్టుకున్నాడు.

"గిదేందే? హంసకు సైలెన్సరు పెట్టినవ్?"

"పొగగొట్టం నాయనా."

"గీ ముల్లేంది?"

"లోపల ఎంత ఆవిరి ఉందో చూపిస్తది."

"ఇది నడుస్తదా?"

"నడుస్తది."

ఆయన ఇంకాసేపు చూశాడు. అంచులో రుద్రాక్షల వరుస ఉండవలసిన చోట నేను పళ్లచక్రాలు వేశాను. గద్వాల చీరలో నూలు ఒడలు అనే నడిమి భాగమూ పట్టు అంచూ అడ్డపోగును మోసే వేరువేరు నాడెలతో నడుస్తాయి. రెండూ కలిసే చోట పోగులు ఒకదానిలో ఒకటి చొచ్చుకుని కోటగోడ పళ్లలాంటి వరుస ఏర్పడుతుంది. దానినే కోటకొమ్మ అంటారు. చిన్నప్పటినుంచీ నాకది కోటగోడలా కాక యంత్రంలోని పళ్లపట్టీలాగే కనిపించేది. అందుకే నా చక్రాల పళ్లను ఆ కొమ్మల కొలతకే గీశాను. చీర పొడవునా అంచు చక్రాలు ఒడల కొమ్మలతో కరుచుకుంటాయి. నాయన ఆ చోట వేలు పెట్టి ఆగాడు. మెచ్చుకోలేదు. కానీ వేలు తీయలేదు.

"నేస్త" అన్నాడు చివరికి. "గని గీ పొగ తీసెయ్."

"ఎందుకు?"

"నల్లగున్నది. పెండ్లి చీరల నల్లపోగు పడదు. ఎరుకలేదా నీకు?"

ఎరుకే. గీసేటప్పుడు అది నాకు పెళ్లి చీర కాదు, యంత్రం. అందుకే గుర్తుకు రాలేదు.

"పొగ లేకుంటే పొయ్యి వెలగనట్టు నాయనా. ఇక అది నడవదు."

"నడవకుంటె మానె. నా మగ్గం మీద నా బిడ్డ పెండ్లి చీరకు నల్లపోగు ఎక్కది."

తలుపు దగ్గర నిలబడిన చెల్లెలు లోపలికి వచ్చింది. "పొగ లేకుంటే అది ఉత్త హంసే నాయనా. ఉత్త హంసలు నేను మస్తు కొట్టిన. గది నాకొద్దు."

"వద్దంటె అమరచింత ఎర్రచీర కట్టుకో."

చెల్లెలు గ్రాఫు కాగితాన్ని మడిచి అట్టల కట్ట కింద పెట్టింది. అమ్మ వంటింట్లోంచి, "ఇద్దరికిద్దరు సరిపోయిండ్రు. నడుమ ఆ హంస పరేషాన్ అయితున్నది" అంది. ఎవరూ నవ్వలేదు.

సోమవారం పొద్దున డ్యూటీకి బస్సెక్కాను. బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటినా, వనపర్తిలో బస్సు ఆగి కదిలినా నా ఆలోచన ఆ పొగ దగ్గరే ఉంది. ముదురు ఆకుపచ్చ వేద్దామా, నేరేడు రంగు వేద్దామా అని లెక్కలు వేస్తున్నాను. ఆకుపచ్చ పొగను నా నియమం ఒప్పుకోదు. బిజినేపల్లి ఇంకా రాకముందే రోడ్డు పక్కన ఒక ఉప్పుడు బియ్యం మిల్లు కనిపించింది. ఊకతో మండే బాయిలరు. దాని గొట్టంలోంచి చలిగాలిలోకి తెల్లని ఆవిరి దూదిలా లేస్తోంది. పక్కన సన్నని పొగగొట్టం కూడా ఉంది. దాని నోట దాదాపు ఏమీ లేదు.

నాకు నా మీద నాకే నవ్వొచ్చింది. నల్లపొగ అంటే ఏమిటి? గాలి చాలక పూర్తిగా కాలని ఇంధనం. మంచి పొయ్యి నల్లపొగ వదలదు. పని ముగించుకుని బయటికి వచ్చిన ఆవిరి చల్లబడి, సన్నని నీటి తుంపరలై తెల్లగా కనిపిస్తుంది. అంటే నేను చెల్లెలి పెళ్లి చీర మీదికి సరిగా మండని బాయిలరును గీశాను. నాయన ఆచారం అడ్డుకున్నదీ నా చదువు అడ్డుకోవలసిందీ ఒకటే.

బస్సులోంచే ఫోన్ చేశాను.

"పొగ తెల్లగ పెడ్దాం. వెండి జరీ."

"నాయన కోసం ఒప్పుకుంటున్నవా?" చెల్లెలి గొంతులో అనుమానం.

"కాదే. బాయిలరు కోసం."

ఆ సాయంత్రమే ఆమె అట్టలు కొట్టడం మొదలుపెట్టింది. సెలవుకు ఇంటికి వచ్చాక నాయనకు కారణం మొత్తం వివరించాను. ఆయన విని, "గట్లనా" అని మాత్రం అన్నాడు. తర్వాత కొంగు పట్టుపడుగును ఒడల నూలుపడుగుకు పోగు పోగుకీ ముడివేస్తూ కూర్చున్నాడు. ఆ పనిలో ఉన్న మనిషిని పలకరించకూడదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

చీర చూసే రోజున పెళ్లికొడుకు అవ్వ, ఆమె కోడలు వచ్చారు. అవ్వ ఒళ్లో ఒక సంచి ఉంది. ఎర్రచీర అందులోనే ఉందని చెల్లెలి చూపు చెబుతోంది. చాప మీద నాయన చీర పెట్టాడు. నేతవాళ్లు చీర ముఖం ముందు చూడరు, పనితనం వెనకవైపే తెలుస్తుంది. అవ్వ మడత విప్పి నేరుగా వెనక్కి తిప్పింది. కొంగు ముడులు ఉండే చోట బొటనవేలితో రాసింది. కోటకొమ్మల వెంబడి గోరు నడిపింది. ఎక్కడా పోగు తేలలేదు, ఎక్కడా గోరు తగల్లేదు. అప్పుడు ముఖం వైపు తిప్పింది.

కొంగును కళ్లకు దగ్గరగా పట్టుకుంది.

"అల్లుడా, గిది హంసనా, మిల్లా?" అని వరస కలిపి నాయననే అడిగింది.

"రెండు అత్తా" అన్నాడు నాయన.

"గా పిల్ల చేతిల ఏంది?"

"నూనెడబ్బా అవ్వా" అంది చెల్లెలు. "మెడ పట్టేస్తదని."

అవ్వ పెదవి ఒక పక్కకు కదిలింది. అంతలో ఆమె వేలు తోక దగ్గర ఆగింది. 

"పొగ తెల్లగేంది? పొగెప్పుడన్న నల్లగనే గద ఉంటది."

నేను నోరు తెరిచాను. నాయన నాకంటే ముందే అందుకున్నాడు.

"మంచిగ మండే బాయిలరు నల్లపొగ ఇడువది అత్తా. గాలి సాలకుంటెనే నల్లగొస్తది. గిది తోకలకెల్లి వచ్చేది పొగ గాదు, ఆవిరి. మా పెద్దబిడ్డ ఇంజినీరు. అన్ని లెక్క జూసే గీస్తది. సిన్నబిడ్డ అట్టలు కొట్టింది. నేను నేసిన."

నేను ఎన్నో పరీక్షల్లో ఆ విషయాన్ని రాశాను. ఎవరి నోటా అంత తప్పులేకుండా, అంత గర్వంగా వినలేదు.

అవ్వ కోడలివైపు తిరిగింది. "విన్నవా? మన పొయ్యికి గూడ జెప్పు గీ ముచ్చట."

"గ్యాసు పొయ్యికి పొగేడిది అత్తా. నువ్వే కట్టెల పొయ్యి ఇడువవు" అంది ఆ కోడలు తడుముకోకుండా.

అప్పుడు నవ్వింది అవ్వ. పళ్లులేని నోటితో, భుజాలు కదిలేలా నవ్వింది. సంచిని ఒళ్లోంచి తీసి గోడవారగా నెట్టింది. "గీ ఎర్రచీర మనుగుడుపులకు కట్టుకుందువులే బిడ్డా. పీటల మీద గిదే. గని ఒక్క మాట."

చెల్లెలి ముఖంలోని వెలుగు సగంలో ఆగింది.

"ఫొటో దిగేటప్పుడు కొంగు తిప్పి ఎయ్యాలె. చీర ముఖం అందరికి తెలుస్తది. మా అమరచింతోళ్లకు వెనక సూపియ్యాలె."

అందుకే మా ఇంట్లో గోడకున్న పెళ్లి ఫొటోలో హంస నేను గీసిన దిక్కుకు కాక, దానికి ఎదురువైపు పోతూ ఉంటుంది. రాకుమారి ఎడమచేత్తో నూనె వేస్తుంది. బొమ్మ తిరగబడితే యంత్రం చెడుతుందేమోనని నేను ఆ ఫొటో ముందు నిలబడి, చక్రం తరువాత చక్రం, పన్ను తరువాత పన్ను చూసుకుంటూ పోయాను. అన్నీ ఎదురుదిక్కుకు తిరుగుతాయి. కానీ తిరుగుతాయి.

ఫొటోలో చెల్లెలి వెనక నాయన నిలబడి ఉన్నాడు. కెమెరా వైపు కాదు, కొంగు వైపు చూస్తున్నాడు.